జపసంఖ్య ఎవరికొరకు?

విజయవాడ నుండి భద్రాచలము పోవు బస్సు మైలవరము దాటి, మామిడితోటల నడుమ సాగి తిరువూరు చేరును. అచ్చటినుండి కొంత దూరము పోయిన తెలంగాణ సరిహద్దు. ఆపైన కొత్తగూడెము, పాల్వంచ, పిదప గోదావరి. ఈ మార్గముననే యున్నందున మా ఊరివారికి భద్రాచలరాముడు దూరపు దేవుడు కాడు. గంపలగూడెము మండలమందలి నెమలి గ్రామమున వేణుగోపాలస్వామి మాకు మరింత చేరువలో నున్నాడు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి మా ఊరు కృష్ణాజిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోనికి వచ్చినది గాని, ఇండ్లలో జరుగు రామనామమునకు, తులసిపూజకు జిల్లాతో పనిలేదు. వ్రేళ్లపైననో, తులసిమాలపైననో, రామకోటి పుస్తకముల గళ్లలోనో నామమును లెక్కించుకొనుట ఇచ్చటి వృద్ధులకు నిత్యకృత్యము.

గడచిన కొన్ని సంవత్సరములుగా ఈ లెక్కకు క్రొత్త సాధనమొకటి వచ్చినది. ఉంగరమువలె వ్రేలికి తొడుగుకొను చిన్న యంత్రమది. పైన ఐదు అంకెలు కనబడు చిన్న అద్దము, దాని ప్రక్కన ఒక మీట యుండును. బొటనవ్రేలితో మీటను ఒకమారు నొక్కిన అంకె ఒకటి పెరుగును. 99,999 వరకు పోయి మరల సున్నకు వచ్చును. లోపల గుండీవంటి చిన్న బ్యాటరీ యొకటి. ప్రక్కననే మరియొక చిన్న మీట కలదు; దానిని నొక్కినచో అంతవరకు వచ్చిన సంఖ్య యంతయు తుడిచిపెట్టుకొనిపోయి సున్న మిగులును. ఇదికాక సెల్‌ఫోనులలో ఇదే పనిచేయు ఏర్పాట్లు కూడ వచ్చినవి. తెరపై వ్రేలు తాకిన చాలును. 108 పూర్తికాగానే ఫోను చేతిలో ఒకమారు కంపించి తెలియజేయును. ఆలయ మండపములలో, బస్సులలో, ఆస్పత్రి వసారాలలో ఈ ఉంగరములను తొడిగికొన్న చేతులు నేడు తరచుగా కనబడుచున్నవి.

ఇట్టి యంత్రముతో జపము చేయవచ్చునా యని నన్ను అడిగినవారు కలరు. నేను శాస్త్రపండితుడను కాను. ముప్పది సంవత్సరములు పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కావున జపమునుగూర్చి కాక, జపములోని లెక్కనుగూర్చి నాకు తోచినది చెప్పుదును. దానికి మా ఇంటిలోనే జరిగిన సంగతి యొకటి కారణము.

మా అక్కయ్యకు డెబ్బది దాటినవి. మా బావగారికి గుండెకు శస్త్రచికిత్స జరిగిన నాడు ఆమె త్రయోదశాక్షరీ రామమంత్రమును పదునొకండు లక్షలు జపించెదనని మ్రొక్కుకొనెను. బావగారు కోలుకొని ఇంటికి వచ్చిరి. రోజునకు 3,000 చొప్పున సంవత్సరమునకు ఒకటి రెండు దినములు మించి పట్టును. రానున్న శ్రీరామనవమికి భద్రాచలమునకు పోయి, స్వామి సన్నిధిలో మ్రొక్కు చెల్లించవలెనని ఆమె సంకల్పము. పూర్వము ఆమె తులసిమాలతో జపించి, మాల పూర్తియైనపుడెల్ల ఒక చింతగింజను ఇత్తడిగిన్నెలో వేయుచుండెడిది. పట్టణమున ఉద్యోగము చేయు మేనల్లుడు ఆమె వ్రేళ్లనొప్పిని చూచి ఈ ఉంగరమును తెచ్చి యిచ్చెను. అది మొదలు గింజలు వంటింటి అరలోనికి పోయినవి. అంకెలు తిరిగి సున్నకు వచ్చినపుడెల్ల, అనగా లక్షకొకమారు, పంచాంగము చివరి పుటలో ఒక గీత గీసికొనెడిది.

ఏడు గీతలు పడినవి. ఎనిమిదవ లక్షలో సగము దాటిన తరువాత ఒక మధ్యాహ్నము ఐదేండ్ల మనుమడు ఉంగరమును ఆటవస్తువుగా తీసికొని ఆ రెండవ మీటను నొక్కెను. అంతటితో ఆగక, అంకెలు పెరుగుచుండుట వేడుకగా నుండుటచే మొదటి మీటను కూడ నొక్కుచు కూర్చుండెను. అక్కయ్య నిద్రలేచి చూచునప్పటికి అద్దములో 412 కనబడినది.

ఆ సాయంకాలము మా ఇంట జరిగిన చర్చ నాకు మరపునకు రాదు. గీత గీసిన తేదీ నుండి 23 దినములైనవి గావున 69,000 అని తీసికొమ్మని నేను లెక్క చెప్పితిని. మేనల్లునకు ఫోనులో సంగతి తెలిసి, తాను ఆదివారము వచ్చి కూర్చుండి మీటను నొక్కుచు 69,000 వరకు తెచ్చి పెట్టెదననెను. సెకనుకు మూడు నొక్కులైనను ఆరు గంటలకు పైబడును. అభిమానముతో అన్నమాట గాని తేలికపని కాదు. అప్పుడు అక్కయ్య నవ్వి, "నువ్వు నొక్కితే వచ్చేది నా లెక్క ఎట్లా అవుతుందిరా? పిల్లవాడు నొక్కిన నాలుగు వందలు కూడా అందులోనే ఉన్నాయిగా" అనెను. నా లెక్కను కూడ ఆమె అంగీకరింపలేదు. కొన్నినాళ్లు మూడువేలు అయినవి. చుట్టములు వచ్చిన నాళ్లలో వేయి కూడ కాలేదు. మరునాడు కలుపుకొందునని అనుకొనినది గాని కలిపినదో లేదో ఆమెకు జ్ఞాపకము లేదు. "ఉంగరం చూసుకుంటోందిలే అని నేను చూసుకోవడం మానేశాను" అనినది.

ఆలయమున అర్చకస్వామిని అడుగగా ఆయన, పలికిన నామము ఎచ్చటికిని పోదనియు, సందేహము కలిగినచోట తక్కువ సంఖ్యను తీసికొనుట మనసునకు శాంతి యనియు చెప్పిరి. అక్కయ్య ఏడవ గీత యొద్దకు తిరిగిపోయి అచ్చటినుండి మరల ప్రారంభించెను. దానితో శ్రీరామనవమినాటికి మ్రొక్కు పూర్తికాదు. ఇన్నాళ్ల కోరిక తప్పిపోవుట చూడలేక నేను, "అక్కయ్యా, నీవు ఎన్ని చేశావో స్వామికి తెలియదా?" అంటిని. ఆమె ఇచ్చిన ప్రత్యుత్తరము ఇది: "ఆయనకు తెలుసు నాయనా. తెలియనిది నాకే గదా. మొక్కుకున్నది నేను."

ఈ మాటను నేను పలుమారులు తలపోసితిని. జపసంఖ్య యెవరికొరకు అను ప్రశ్నకు పుస్తకములలో నేను వెదకిన సమాధానము ఇంత సూటిగా కనబడలేదు.

పెద్దలు సంఖ్యను చిన్నచూపు చూడలేదు. లెక్కలేని జపము ఆసురమగునని ధర్మశాస్త్ర నిబంధకారులు చెప్పిరి. మంత్రమున ఎన్ని అక్షరములో అన్ని లక్షలు పురశ్చరణమునకు విధించుట కలదు. అష్టాక్షరికి ఎనిమిది లక్షలు. దినమునకు పది మాలలు, అనగా 1,080 చొప్పున చేసినచో రెండేండ్లకు పైబడును. మాల లేనివారికి చేతి కణుపులే మాల: అనామిక నడిమి కణుపున మొదలుపెట్టి, క్రిందికి దిగి, చిటికెనవ్రేలి మీదుగా పైకి ఎక్కి, కొనలు దాటి, చూపుడువ్రేలి మొదట ముగించిన పది. కుడిచేతి పదులను ఎడమచేత లెక్కించిన నూరు. కలిసంతరణోపనిషత్తు పదునారు నామముల మంత్రమును మూడున్నర కోట్లు జపింపవలెనని చెప్పును. నిత్యము పదునారు మాలలు, అనగా 1,728 మంత్రములు తప్పక జపించు గౌడీయవైష్ణవుడు ఆ సంఖ్యను చేరుటకు 55 సంవత్సరములు దాటును. అంతటి సంఖ్యను పెట్టినవారు ఒక ఆయుష్కాలమునే లోపల నుంచుకొని పెట్టినట్లు తోచును.

లెక్కకు సాధనమును వాడుటయు నేటి వింత కాదు. శ్రీకృష్ణచైతన్యులు కటిసూత్రమునకు ముడులు వేసికొని నామమును లెక్కించెడివారని రూపగోస్వామి వర్ణించెను. 1510వ సంవత్సర ప్రాంతమున ఆయన దక్షిణయాత్రకు బయలుదేరి శ్రీకూర్మమును, సింహాచలమును సేవించి, గోదావరీతీరమున రామానందరాయలను కలిసికొన్నపుడు ఆ చేత నామము, ఆ నడుమున త్రాడు ఉండియే యుండును. ఇతర మతములవారును ఇట్టి సాధనములను వాడిరి. బౌద్ధులకు 108 పూసల మాల, ముసల్మానులకు 99 పూసల తస్బీ, తూర్పు క్రైస్తవ సన్యాసులకు ఉన్నిత్రాడు ముడులు ఉన్నవి. మీట నొక్కిన పెరుగు అంకె ఈ పరంపరలో చివరిది మాత్రమే. కావున యంత్రము కూడదని త్రోసివేయుటకు నాకు కారణము కనబడలేదు. వ్రేళ్లు వంగని వృద్ధులకు, చీకటిలో మంచముపై నుండు రోగులకు, చదువురాని తల్లులకు అది నిజముగా ఉపకారియే. మాలాజపమున చూపుడువ్రేలు తగులరాదని నియమముండగా, ఈ ఉంగరమును పలువురు సరిగా ఆ వ్రేలికే తొడుగుట చూచి నాకు నవ్వు వచ్చుచుండును. కేవల నామజపమునకు అంతటి పట్టింపు అక్కరలేదు లెండు.

అయినను మాలకును మీటకును ఒక భేదము కలదు. మాలను గోముఖిలో దాచి త్రిప్పుదురు. ఎన్నవ పూస యొద్ద నున్నదో ఇతరులకే కాదు, తనకును కనబడదు. మేరుపూస వ్రేలికి తగిలినపుడే మాల పూర్తియైనదని తెలియును. అచ్చటనుండి మేరువును దాటక వెనుకకు మరలవలెను. అనగా 108 నామములలో 107 నామములు పలుకునంతసేపు మనసునకు సంఖ్యతో పనిలేదు. యంత్రమున ప్రతి నామమునకును అంకె కంటికెదురుగా మారును. 867 తరువాత 868 రావలెనని మనసు ఎదురుచూచును. నామము అంకెకు మెట్టుగా మారును. లెక్కల పంతులునగు నాకు ఈ ప్రమాదము ఇతరులకంటె ఎక్కువ యని ఒప్పుకొనక తప్పదు.

నా అనుభవమును దాచిపెట్టుట న్యాయము కాదు. అక్కయ్య సంగతికి పూర్వమే నేను ఫోనులో జపసంఖ్య నుంచుకొనుట మొదలిడితిని. ఒకనాటి ఉదయమున వార్తాపత్రిక ముందుంచుకొని, బొటనవ్రేలితో తెరను తాకుచు నామము పలుకుచుంటిని. పుట త్రిప్పి కొంతసేపు చదివి చూచుకొనగా సంఖ్య నాలుగు వందలు పెరిగియున్నది. పెదవులు ఎప్పుడు ఆగినవో తెలియదు; వ్రేలు మాత్రము ఆగలేదు. ఆ నాలుగు వందలను తీసివేయుటకు ఆ ఏర్పాటులో వీలు లేదు. ఉన్నను తీసివేసియుందునా యనునది వేరొక ప్రశ్న. ఆ నాటి మొత్తము ఎన్నడును లేనంత పెద్దది. దానిని చూచి సంతోషించితిని. మనుమడు నొక్కిన 412కును నా నాలుగు వందలకును ఏమి భేదము? పిల్లవాడు ఆట యని తెలిసి నొక్కెను. నేను జపమని చెప్పుకొంటిని.

యంత్రము అబద్ధము చెప్పదు. అది లెక్కించునది నొక్కులను. నొక్కునకు వెనుక నామము కలదో లేదో చెప్పవలసినవాడు నొక్కినవాడే. మాలయందును ఈ చిక్కు లేకపోలేదు; పూసలు జారుచుండ మనసు సంతకు పోవుట అందరెరిగినదే. అయితే మాల జ్ఞాపకముంచుకొనదు. నా తప్పును అంకెగా మార్చి, మరునాడు, మరు నెల, సంవత్సరము చివరను మరల నాకు చూపి నన్ను మెచ్చుకొనదు.

మనుస్మృతి జపమును మూడు విధములుగా చెప్పి, విధియజ్ఞముకంటె వాచికజపము పదిరెట్లు, పెదవులు మాత్రము కదలు ఉపాంశువు నూరురెట్లు, మానసికము వేయిరెట్లు మిన్న యనినది. ఈ గుణకములను లెక్కల పంతులు చదివినచో వెంటనే పెన్ను తీయును. కాని దాని భావము వేరని నా అభిప్రాయము. ఒకే 108, పలికిన తీరునుబట్టి ఒకచోట పది, ఒకచోట వేయి అగుచున్నదన, అంకె తనంతట తాను ఏ విలువయు చెప్పజాలదనియే గదా. యంత్రపు అద్దములో మూడును ఒకే 108.

త్యాగరాజస్వామివారు తొంబదియారు కోట్ల రామనామమును జపించిరని సంప్రదాయము చెప్పుచున్నది. తిరువయ్యారున వసించిన ఆ తెలుగు మహానుభావుడు (1767–1847) ఇరువదియొక్క సంవత్సరములలో, ముప్పదియెనిమిదవ ఏటికి దానిని ముగించెనందురు. ఒకనాడు నేను దీనిని గుణించి చూచితిని. దినమునకు సుమారు 1,25,000 వచ్చినది. దినమునకు సెకనులు 86,400 మాత్రమే. సెకనుకు రెండు నామములైనను పదునేడు గంటలకు పైబడును. మొదట ఇది నన్ను కలవరపెట్టినది. తరువాత సిగ్గుపడితిని. ఆయన యొద్ద మీట లేదు. ఆయన సంఖ్యను సరిచూచినవారు లేరు. నేడు మనకు లభించుచున్నవి సుమారు ఏడు వందల కృతులు. ఏ కృతిని విన్నను, ఆ నోటిలో నామము ఎంతగా నాని యుండెనో వేరొక సాక్ష్యము అక్కరలేకయే తెలియును. 96 కోట్లు అను మాట ఆ నానుటకు పెద్దలు పెట్టిన పేరు కావచ్చును. అక్షరాల సంఖ్యయే కావచ్చును. రెండింటిలో ఏదైనను నా గుణకారముతో పెరుగునది గాని తరుగునది గాని లేదు.

ఇక సంఖ్యను ఇతరులతో పోల్చుకొను విషయము. ఇప్పుడు వాట్సాప్ బృందములలో కోటిజపమని సంకల్పించి, ఒక్కొక్కరు ఆనాటి సంఖ్యను ప్రతి రాత్రి పంపుట కలదు. దూరదేశములందున్న మన పిల్లలు సైతము తిరువూరులోని పెద్దలతో కలిసి ఒక సంకల్పమున పాల్గొనుట దానివలన సాధ్యమైనది. అది చిన్న మేలు కాదు. కాని ఒకరు 5,000 అని పంపగా 1,008 చేసినవారు ఆ రాత్రి మౌనముగా నుండిపోవుటయు చూచితిని. ఈ వ్యథ ఎంత పాతదో తెలుపు కథ యొకటి పల్లాడియస్ అను క్రైస్తవ రచయిత గ్రంథములో కలదు. నాలుగవ శతాబ్దమున ఈజిప్టు ఎడారిలో పౌలను సన్యాసి దినమునకు మూడు వందల ప్రార్థనలు చేసెడివాడు. ఒడిలో మూడు వందల గులకరాళ్లు పోసికొని, ప్రార్థనకొక రాయి చొప్పున పడవేయుచుండెను. ఏడు వందలు చేయు కన్య యొకతె కలదని విని అతడు కుమిలిపోయి, మకారియస్ అను పెద్దను ఆశ్రయించెను. ఆ పెద్ద చెప్పినది సంగ్రహముగా నిది: తాను అరువదియేండ్లుగా నూరు ప్రార్థనలే చేయుచున్నాననియు, చేతిపనితో పొట్టపోసికొనుచు వచ్చినవారితో మాటాడుచున్నాననియు, అయినను తన మనసు తన్ను నిందించుట లేదనియు, మూడు వందలు చేసియు నీ మనసు నిన్ను నిందించుచున్నదన, నీవు శుద్ధముగా చేయకయైన నుండవలెను, లేక అంతకంటె ఎక్కువ చేయగలిగియు చేయకయైన నుండవలెనని. ఏడు వందల కన్యనుగూర్చి ఆయన ఒక్క మాటయు అనలేదు. ఆ అరువదియేండ్ల నూరు నాకు మిక్కిలి నచ్చినది.

శ్రీవైష్ణవులకు ఇచ్చట మరియొక చిక్కు కలదు. ప్రపన్నునకు ఉపాయము భగవంతుడే గాని తన జపము కాదు. అట్లైనచో ఎనిమిది లక్షలు చేసితిని, నాకు రావలసినది ఇమ్మనుట శరణాగతికే విరుద్ధము. శరణాగతిగద్యమున శ్రీరంగనాథుడు భగవద్రామానుజులకు ఇచ్చిన ఆదేశమును చూడుడు. ద్వయమును అర్థానుసంధానముతో శరీరము పడిపోవువరకు ఎల్లప్పుడును పలుకుచు శ్రీరంగమున సుఖముగా నుండుమనినాడే గాని, ఇన్ని మారులని అనలేదు. 'ఎల్లప్పుడు' అను మాటకు యంత్రమున అంకె లేదు. మరి సంఖ్య దేనికి? ఎల్లప్పుడు పలుకలేని మనబోంట్లకు, కనీసము ఇంత పలుకుదునని తనకు తాను వేసికొన్న కట్టు అది. సన్నిధిలో దీపమును ఇన్నిటికి వెలిగింతునని వేళ పెట్టుకొనుట వంటిది. వేళ పెట్టుకొన్నందున దీపము స్వామిని కొనినట్లు కాదు. వేళ తప్పినపుడు స్వామికి చీకటి పడదు. తప్పినది తాననునది మాత్రము తనకు తెలియును.

ఇంత చెప్పియు, మా అక్కయ్య చేసినది మొండితనమేమో యను శంక నాకు కొంతకాలము మిగిలియుండెను. హరిదాసఠాకూరు కథ చదివిన తరువాత అది తీరినది. ఆయన దినమునకు మూడు లక్షల నామములు పలుకుదునని వ్రతము పూనినవాడు. పురీక్షేత్రమున ముసలితనము మీదపడినపుడు, ప్రసాదము తెచ్చినవారితో తన సంఖ్య పూర్తికాలేదని తినుటకు వెనుకాడెను. చైతన్యులు వచ్చి వ్యాధి యేమని యడుగగా, దేహమునకు కాదు, సంఖ్య సాగకుండుటయే తన వ్యాధి యని చెప్పెను. వృద్ధుడవైతివి, సంఖ్యను తగ్గించుకొమ్మని చైతన్యులు ఆదేశించిరి. మూడు లక్షల నామములు గొప్పవని యెరిగిన గురువే తగ్గించుకొమ్మనిరి గాని, చేసినట్లు తలంచుకొమ్మని అనలేదు. మ్రొక్కును తగ్గించుకొనుటకు త్రోవ కలదు. పెద్దల యనుజ్ఞతో, బహిరంగముగా. తరుగును కలుపుకొని నింపుకొనుటకు లేదు. నేను మా అక్కయ్యకు చూపినది రెండవ త్రోవ. 69,000 అని నేను చెప్పిన సంఖ్యలో దయ యున్నది గాని నిజము లేదు.

శ్రీరామనవమికి మేమందరము భద్రాచలము పోయితిమి. అక్కయ్యయు వచ్చి కల్యాణము సేవించెను. మ్రొక్కునుగూర్చి ఎవరితోను ప్రస్తావింపలేదు. భద్రాద్రి ఆలయమును కట్టించిన రామదాసు కథను మనుమడు అడుగగా దారిలో నేను చెప్పితిని. పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న, ఖజానా సొమ్ము, గోల్కొండ చెరసాల, తానీషాకు రామలక్ష్మణులు వచ్చి సొమ్ము చెల్లించుట. పైకము ముట్టినట్లు వారు చీటీ వ్రాయించుకొని పోయి రామదాసునకు చేర్చిరని జనులు చెప్పుకొందురు. పిల్లవాడు, "దేవుడికి చీటీ ఎందుకు?" అని అడిగెను. "దేవుడికి కాదు, తానీషాకు" అని అక్కయ్య కిటికీ వైపు చూచుచు అనినది.

పదునొకండు లక్షలు ఆ తరువాత కొన్ని వారములకు పూర్తియైనవి. ఏ పర్వమును కాని ఒక బుధవారమునాడు ఆమె బావగారితో ఉదయపు బస్సెక్కి పోయి, చెల్లించి, రాత్రికి తిరిగి వచ్చెను. ఉంగరమును ఆమె పారవేయలేదు. వేయికొకమారు చింతగింజ వేయుచున్నది. ఇత్తడిగిన్నె అరనుండి మరల పూజగదిలోనికి వచ్చినది. రెండవ మీటపై మేనల్లుడు ఒక చుక్క జిగురు వేసి కదలకుండ చేసినాడు.

నేను ఫోనునే వాడుచున్నాను గాని, తెరను క్రిందుగా త్రిప్పి గోముఖిలో నుంచి, 108కి అది కంపించినపుడు మాత్రము తెలిసికొనుచున్నాను. వార్తాపత్రిక ఆ వేళకు మరియొక గదిలో నుండును. రాత్రి పడుకొనుటకు ముందు పుస్తకములో ఆనాటి సంఖ్య వ్రాయుట అలవాటు చేసికొంటిని. నిన్న ఫోను 1,008 అని చూపినది. కొంతసేపు ఆలోచించి 700 అని వ్రాసికొంటిని.